నోటుపుస్తకంలో కనిపించని చదువు: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఏది ముందు, ఏది తరువాత

జూన్‌లో బడులు తెరిచే రోజులు దగ్గరపడేసరికి మూడేళ్లు నిండిన పిల్లలున్న ఇళ్లలో ఒకే బెంగ రెండు రకాలుగా వినిపిస్తుంది. పక్కింటి పాప నర్సరీలోనే వర్ణమాల అంతా రాసేస్తోందనీ, మనవాడు అంగన్‌వాడీకి వెళ్లి ఆడుకుని, గుడ్డు తిని వస్తున్నాడే తప్ప పలక పట్టడం లేదనీ ఒక తల్లి బాధపడుతుంది. ఏటా వేలకు వేలు ఫీజు కడుతున్నా బడిలో ఇసుకతో, చెక్క దిమ్మెలతో ఆడిస్తున్నారు కానీ ఒక్క పేజీ కూడా రాయించడం లేదేమని మరో ఇంట్లో తండ్రి అడుగుతాడు. ఇంతలో ప్రభుత్వ పత్రాలు ఆట ద్వారానే చదువు చెప్పాలంటాయి, ఒకటో తరగతిలో చేరడానికి ఆరేళ్లు నిండాలంటాయి, ఆ వయసుకల్లా పిల్లలు చిన్న చిన్న మాటలు చదవాలని కూడా అంటాయి. విడివిడిగా వింటే ఒకదానితో ఒకటి పొసగనట్టుండే ఈ మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, తగాదా చాలావరకు పిల్లల చదువులో కంటికి కనిపించే మెట్టుకూ కనిపించని మెట్లకూ మధ్య ఉందని తెలుస్తుంది.

పేర్లు అనేకం, వయసు ఒకటే

మూడు నుంచి ఆరేళ్ల మధ్య చదువుకు మన దగ్గర చాలా పేర్లున్నాయి. ప్రైవేటు బడుల్లో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అంటారు. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల్లో పీపీ-1, పీపీ-2 (పీపీ అంటే ప్రీ-ప్రైమరీ) అన్న పేర్లు వచ్చాయి. జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ముందు ఏడాదిని బాలవాటిక అంటుంది. ఎల్‌కేజీలోని ‘కేజీ’ కిండర్‌గార్టెన్ అన్న మాటకు కుదింపు. పిల్లల తోట అని దాని అర్థం. 1840లో జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త ఆ పేరు పెట్టినప్పుడు ఆటవస్తువులు, పాటలు, మొక్కల పెంపకమే అక్కడి పాఠాలు.

2020 నాటి జాతీయ విద్యా విధానం బడి చదువును 5+3+3+4 ఏళ్లుగా విభజించింది. మొదటి అయిదేళ్లలో మూడేళ్లు బడికి ముందు చదువు, తరువాతి రెండేళ్లు ఒకటి, రెండు తరగతులు. అంటే మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు అంతా ఒకే దశ. ఈ దశ కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆరేళ్లలోపు పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు అక్కర్లేదని చెప్పింది.

చట్టం దగ్గరకు వస్తే చిత్రం మారుతుంది. 2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కుగా చేసింది. ఆరేళ్లలోపు వారి సంరక్షణ, విద్యల కోసం రాజ్యం ప్రయత్నించాలని మాత్రం 45వ అధికరణంలో రాసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ కూడా ప్రభుత్వం తగిన ఏర్పాట్లు చేయవచ్చునని ఊరుకుంది. మూడేళ్ల పిల్లవాడు సందు చివర ప్లేస్కూలులో ఏం నేర్చుకుంటున్నాడన్నది ఇప్పటికీ చాలావరకు ఆ బడి ఇష్టానికీ, తల్లిదండ్రుల ఒత్తిడికీ వదిలేసిన విషయంగా మిగలడానికి ఈ తేడా ఒక కారణం.

ఆరేళ్ల నిబంధనను ఒక లెక్కతో చూద్దాం. 2020 ఆగస్టులో పుట్టిన పాప ఉంది. అయిదు నిండితే ఒకటో తరగతిలో చేర్చుకోవడం తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా ఉన్న వాడుక. ఆ లెక్కన ఆ పాప 2026 జూన్‌లో, అయిదేళ్ల పది నెలలకు, ఒకటో తరగతిలో కూర్చుంటుంది. దానికి ముందు మూడేళ్లు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పూర్తి కావాలంటే 2023 జూన్‌లోనే, రెండేళ్ల పది నెలలకే, బడి మెట్లెక్కి ఉండాలి. జూన్ నాటికి ఆరు నిండాలన్న నియమాన్ని కచ్చితంగా పాటిస్తే అదే పాప 2027లో ఒకటో తరగతికి వస్తుంది, నర్సరీకి మూడేళ్ల పది నెలల వయసులో వెళ్తుంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఆరేళ్ల నిబంధనను అమలు చేసినప్పుడు తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, కోర్టు జోక్యం చేసుకోలేదు. ఏడాది వృథా అవుతుందన్నది వారి ఆందోళన. ఆ ఏడాదిలో పిల్లలు ఏం నేర్చుకుంటారో తెలిస్తే గానీ వృథా అవునో కాదో తేలదు.

చింతపిక్కలతో మూడు రకాల పాఠాలు

‘ఆట ద్వారా చదువు’ అన్న మాటను కొందరు పిల్లలను వారి మానాన వదిలేయడంగా అర్థం చేసుకుంటారు. ఇందులో నిజానికి మూడు వేర్వేరు పద్ధతులున్నాయి, ఒక దోసెడు చింతపిక్కలు చాలు వాటి తేడా చూపడానికి.

పిల్లల ముందు పిక్కలు పోసి పెద్దవాళ్లు పక్కకు తప్పుకుంటే అది స్వేచ్ఛగా ఆడే ఆట. ఒకరు వాటిని వరుసగా పేరుస్తారు, ఒకరు కొబ్బరిచిప్పలో పోసి వంట చేస్తారు, ఇంకొకరు అందరివీ లాక్కుంటారు. రెండో పద్ధతిలో పెద్దవాళ్లు పక్కనే కూర్చుంటారు. వంట చేస్తున్న పాపను, ‘మా ఇంటికి ముగ్గురు చుట్టాలొస్తున్నారు, తలా రెండు గారెలు వడ్డిస్తావా?’ అని అడుగుతారు. ఆట పాపదే, ఆ ఆటలోకి లెక్కను తెచ్చింది మాత్రం పెద్దవారు. విద్యావేత్తలు దీన్ని మార్గదర్శనంతో కూడిన ఆట అంటారు. మూడోది నేరుగా బోధించడం. టీచర్ అయిదు పిక్కలు వరుసగా పెట్టి, ఒక్కోదాన్ని తాకుతూ ఒకటి, రెండు, మూడు అని చెప్పి, పిల్లలందరి చేతా చెప్పిస్తుంది.

ఈ మూడింటిలో ఏదీ చెడ్డది కాదు. చిక్కంతా మూడోదాన్నే రోజంతా సాగదీసినప్పుడూ, మొదటిదానితోనే సరిపెట్టి దానికి ఆధునిక పద్ధతి అని పేరు పెట్టినప్పుడూ వస్తుంది. మన పెరళ్లలోనూ అరుగుల మీదా ఆడిన వామనగుంటలు, గచ్చకాయలు, దాగుడుమూతలు చాలావరకు రెండో కోవలోకి వస్తాయి. వాటిలో నియమాలు ముందే ఉంటాయి, పక్కన అమ్మమ్మో అక్కో ఉండి లెక్క తప్పితే సరిచేస్తుంది. వామనగుంటల్లో గుంటకొక పిక్క జారవిడుస్తూ పోయే బిడ్డ, ఒక వస్తువుకు ఒక స్థానం అనే గణిత సూత్రాన్ని వేళ్లతో నేర్చుకుంటోంది.

వంద దాకా చెప్పడం వేరు, అయిదు తెలియడం వేరు

నాలుగేళ్ల బాబు చుట్టాల ముందు ఒకటి నుంచి యాభై దాకా గడగడా చెప్పేస్తాడు, అందరూ మెచ్చుకుంటారు. అదే బాబు ముందు ఏడు గోళీలు పెట్టి లెక్కించమంటే ఏడు దాకా సరిగ్గానే లెక్కిస్తాడు, కానీ ‘మొత్తం ఎన్ని?’ అని అడిగితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ‘నాకు అయిదు ఇవ్వు’ అంటే దోసిట్లో పట్టినన్ని తెచ్చి ఇస్తాడు.

ఇక్కడ బాబు తెలివికి వచ్చిన లోటేమీ లేదు. లెక్కించడంలో కనీసం మూడు తెలివిడులు కలిసి ఉన్నాయి: అంకెల పేర్లు ఎప్పుడూ ఒకే వరుసలో రావాలి, ఒక్కో వస్తువుకు ఒక్క పేరే దక్కాలి, చివర చెప్పిన పేరు ఆ చివరి గోళీది కాకుండా గుంపు మొత్తానిది కావాలి. మొదటిది కంఠస్థంతో వస్తుంది. మూడోది చాలామంది పిల్లలకు మూడున్నర, నాలుగున్నర ఏళ్ల మధ్య నెమ్మదిగా అర్థమవుతుంది, అదీ ఒక్కసారిగా రాదు. ముందు ‘ఒకటి’, కొన్ని నెలలకు ‘రెండు’, ఆ తరువాత ‘మూడు’ అలా తెలిసివస్తాయి. నోటుపుస్తకంలో 1 నుంచి 100 వరకు రాసిన పేజీ మొదటి తెలివిడికి సాక్ష్యం చెబుతుందే తప్ప మూడోదాని గురించి ఏమీ చెప్పదు.

మన అంకెల పేర్లలో ఒక వరం ఉంది, దాన్ని మనం అంతగా వాడుకోవడం లేదనిపిస్తుంది. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది వంటి కొన్నింటిని పక్కన పెడితే, పదమూడులో పదీ మూడూ, ఇరవై ఒకటిలో ఇరవైయ్యీ ఒకటీ చెవికి విడివిడిగా వినిపిస్తాయి. ఇంగ్లిష్‌లో ఎలెవెన్, ట్వెల్వ్ అన్న మాటల్లో పది ఎక్కడా వినపడదు. ఇంటి భాషలో తెలిసిన లెక్కను వదిలించి ఇంగ్లిష్ అంకెలతోనే మొదలుపెట్టిన బిడ్డ కొత్త మాటను, కొత్త భావాన్ని ఒకేసారి మోయవలసి వస్తుంది.

అక్షరం చేతికి అందేముందు చెవిలో పడాలి

అక్షరాభ్యాసం మనకు పండుగ. మూడో ఏటనో అయిదో ఏటనో, బాసర సరస్వతీ ఆలయంలోనో ఇంటి పూజగదిలోనో, పళ్లెంలో పోసిన బియ్యం మీద పెద్దలు బిడ్డ వేలు పట్టుకుని రాయిస్తారు. ఆ వేడుక చదువు పట్ల కుటుంబానికున్న గౌరవానికి గుర్తు. మర్నాటి నుంచి రెండు గీతల మధ్య పెన్సిలుతో రాయించాలన్న ఆజ్ఞ అందులో లేదు. పరుచుకున్న బియ్యం మీద వేలు కదపడానికీ, సన్నని గీతల మధ్య పెన్సిలు నడపడానికీ కావలసిన కండరాల అదుపులో చాలా తేడా ఉంది. మూడేళ్ల పిల్లలు మామూలుగా పిడికిలితో పెన్సిలు పట్టుకుంటారు. మూడు వేళ్ల పట్టు నాలుగు, ఆరేళ్ల మధ్య కుదురుకుంటుంది. చిక్కుడుకాయలు ఒలవడం, పిండిముద్ద పిసకడం, పూసలు గుచ్చడం, ముగ్గు చుక్కలు కలపడం ఆ పట్టుకు చేసే సాధనలే.

చేతికంటే పెద్ద సంగతి చెవి. చదవడం అంటే, మాట చిన్న చిన్న ధ్వనులుగా విడిపోతుందనీ, ఒక్కో ధ్వనికి ఒక గుర్తు ఉందనీ గ్రహించడం. ‘పలక’ అన్న మాటకు మూడు చప్పట్లు కొట్టగలిగిన పాప, ‘ప-ల-క’ అని విడగొట్టగలిగిన పాప, ‘పలకలో మొదటి చప్పుడుతో మొదలయ్యే ఇంకో మాట చెప్పు’ అంటే ‘పడవ’ అనగలిగిన పాప ఒక్క అక్షరమూ రాయకుండానే చదువులో చాలా దూరం నడిచినట్టు. పొడుపుకథలు, ప్రాస కుదిరే మాటల ఆటలు, ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో ఇంకొకరు మాట అందుకునే అంత్యాక్షరి ఈ చెవిని తయారుచేస్తాయి.

తెలుగు లిపి స్వభావం ఇక్కడ ముఖ్యం. ఇంగ్లిష్‌లో ఇరవై ఆరు గుర్తులు నేర్చుకుంటే గుర్తుల పని పూర్తవుతుంది, కష్టమంతా వర్ణక్రమంలో ఉంటుంది. తెలుగులో రాసినట్టే చదువుతాం కాబట్టి వర్ణక్రమం బాధ తక్కువ, గుర్తుల బరువు ఎక్కువ. వర్ణమాలలోని యాభై ఆరు అక్షరాలు మొదటి అంతస్తు మాత్రమే. ఒక్క ‘క’ గుణింతంతో కా, కి, కీ, కు, కూ అవుతుంది, ఆపైన వత్తులు వస్తాయి. ప, ష, ఫలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ద, ధ, థలు మరింతగా. తెలుగుకు తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన, అక్షరాలన్నీ పట్టుబడడానికి పిల్లలకు ప్రాథమిక బడిలో ఏళ్లు పడుతుందని చూపింది. లిపి నిర్మాణమే అలాంటిదైనప్పుడు, యూకేజీ ముగిసేసరికి ఒత్తులతో సహా అంతా వచ్చేయాలనుకోవడం పిల్లల మీద మోపే అన్యాయమైన గడువని నేననుకుంటాను.

వరుసగా అ, ఆ, ఇ, ఈలతో మొదలుపెట్టాలా, తెలిసిన మాటలతోనా అన్న చర్చ కూడా పాతదే. వరుస పద్ధతిని సమర్థించేవారు, అక్షరమాల క్రమం ధ్వనులు పుట్టే చోట్లను బట్టి అమర్చిందనీ, క, ఖ, గ, ఘలు గొంతు నుంచి, ప, ఫ, బ, భలు పెదవుల నుంచి వస్తాయనీ, ఆ క్రమం జ్ఞాపకానికి ఊతమనీ చెబుతారు. అందులో నిజముంది. మాటలతో మొదలుపెట్టేవారు, ఋ వంటి అక్షరం నాలుగేళ్ల బిడ్డ నోట రోజూ వచ్చే మాటల్లో దాదాపు కనిపించదనీ, గుణింతం లేని పడవ, పలక, వల, తల వంటి మాటలతో మొదలుపెడితే అయిదారు అక్షరాలతోనే చదివిన ఆనందం దక్కుతుందనీ అంటారు. వరుసను పాటగా పాడిస్తూ, చదవడాన్ని తెలిసిన మాటలతో మొదలుపెట్టే బడుల్లో ఈ రెండూ ఒకే గదిలో ఇమిడిపోతున్నాయి.

అధ్యయనాలు ఏం తేల్చాయి

ఆటను సమర్థించేవారు ఎక్కువగా ఉదహరించేది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటీలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం. 123 మంది పేద నల్లజాతి పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజూ సగంపూట బడి నడిపారు, టీచర్లు వారానికోసారి ఇంటికి వెళ్లి తల్లితో కూర్చున్నారు. తెలివితేటల పరీక్షల్లో వచ్చిన ఆధిక్యం కొన్నేళ్లకే కరిగిపోయింది, కానీ నలభై ఏళ్ల వయసుకు ఆ పిల్లలు ఎక్కువ మంది చదువు ముగించి, ఎక్కువ సంపాదిస్తూ, తక్కువగా అరెస్టవుతూ కనిపించారు. దీన్ని పట్టుకుని ప్రీస్కూలు ఎక్కడైనా మేలే చేస్తుందనడానికి లేదు. టెన్నెసీ రాష్ట్రంలో దాదాపు మూడు వేల మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం 2022లో వెలువరించిన ఫలితాల్లో, ప్రభుత్వ ప్రీస్కూలుకు వెళ్లిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి వెళ్లని వారికంటే పరీక్షల్లో వెనకబడ్డారు. కాబట్టి ప్రీస్కూలు ఉందా లేదా అన్నదానికంటే, లోపల ఏం జరుగుతోందన్నదే అసలు ప్రశ్న అవుతోంది.

ఢిల్లీలో 214 ప్రీస్కూళ్లలో 1,500 మందికి పైగా పిల్లలతో గణితపు ఆటలు ఆడించి, 2017లో ప్రచురించిన ప్రయోగం ఆట పక్షానికీ ఒక హెచ్చరిక చేసింది. ఏ గుంపు పెద్దదో చూసి పోల్చే నేర్పు పిల్లల్లో పెరిగింది, ఏడాది దాటాక కూడా నిలిచింది. అయితే ఒకటో తరగతిలో అంకెలతో, గుర్తులతో చేసే లెక్కల్లో వారికి ఆధిక్యం రాలేదు. ఆటలో తెలిసిన భావాన్ని బడి వాడే గుర్తుతో ఎవరో ఒకరు ముడివేయాలి, ఆ ముడి తనంతట తాను పడదు. నేరుగా బోధించడానికి చోటు ఉన్నది ఇక్కడే.

మనకు దగ్గరి ఆధారం మరొకటి ఉంది. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో దాదాపు 14,000 మంది గ్రామీణ పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంటాడి చూసిన అధ్యయనం 2017లో వెలువడింది. అయిదేళ్ల వయసులో బడికి సిద్ధంగా ఉన్న పిల్లలు తరువాతి తరగతుల్లోనూ ముందున్నారు, కానీ ఆ వయసుకు ఉండవలసినంత సంసిద్ధత చాలామందిలో లేదు. ప్రైవేటు ప్రీస్కూళ్లు ఎక్కువగా ఒకటో తరగతి పాఠాలనే కిందికి దించి చెబుతున్నాయనీ, అంగన్‌వాడీల్లో చదువుకు దొరికే సమయమే తక్కువనీ అది గమనించింది. పుస్తకాలు మోసిన పిల్లలకూ, మోయని పిల్లలకూ కూడా ఆ వయసుకు తగిన చదువు అందలేదన్నమాట.

అంగన్‌వాడీ టీచర్ చేతిలో ఎంత సమయం ఉంది

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైనప్పటి నుంచి పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో పాటు పిల్లల చదువు కూడా అందులో ఒక సేవ. ఆచరణలో టీచర్ రోజు ఎలా గడుస్తుందో చూస్తే చదువు ఎందుకు వెనకబడుతుందో అర్థమవుతుంది. గర్భిణులకు, బాలింతలకు భోజనం, పాలు, గుడ్లు. చిన్నపిల్లలకు బాలామృతం పంపిణీ. బరువులు, ఎత్తులు తూచి కొలిచి ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించడం. రిజిస్టర్లు, సమావేశాలు, ఇంటింటి సర్వేలు. తోడుగా ఒక ఆయా. మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లలు అదే గదిలో.

తమిళనాడులో 640 కేంద్రాల మీద జరిగిన ప్రయోగంలో సగం కేంద్రాలకు ప్రీస్కూలు పని కోసమే రోజులో సగం పూట పనిచేసే ఒక అదనపు కార్యకర్తను ఇచ్చారు. చదువుకు దొరికే సమయం రెట్టింపయింది, పిల్లల గణితం, భాష మెరుగుపడ్డాయి. పాత కార్యకర్తకు చేయి ఖాళీ కావడంతో పోషకాహార లోపం సైతం తగ్గింది. 2023లో కేంద్రం పోషణ్ భీ, పఢాయీ భీ (పోషణా, చదువూ కూడా) పేరుతో అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షణ మొదలుపెట్టింది. శిక్షణ అవసరమే. అయితే తమిళనాడు ఫలితం చూశాక, నేర్పుతోపాటు తీరిక కూడా టీచర్‌కు దక్కాలన్న వాదనను కాదనడం కష్టం.

మారాం చేసే బిడ్డా, ఇంగ్లిష్ అడిగే ఇల్లూ

చిన్నపిల్లలకు నేర్పడంలో అక్షరాలు, అంకెలతో పాటు నడవడిక కూడా ఉంది, కోపాన్ని తమాయించుకోవడం, తన వంతు కోసం ఆగడం వంటివి. ఒకే బండి బొమ్మ కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారనుకుందాం. బొమ్మ లాక్కుని బీరువాలో పెడితే గొడవ ఆగుతుంది, పిల్లలకు మాత్రం ఏమీ తెలియదు. ‘నీకు కోపమొచ్చింది, బండి కావాలి, వాడు గోడ దాకా తోసి వస్తాడు, తరువాత నువ్వు’ అని పెద్దవారు చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే, కోపానికి ఒక పేరుందనీ, ఆగితే వంతు వస్తుందనీ ఇద్దరికీ తెలుస్తుంది. ఇది ఒక్కరోజులో రాదు, వందసార్లు జరగాలి. భయపెడితే వెంటనే మాట వింటారన్నది పెద్దల అనుభవం, అది అబద్ధమూ కాదు. కానీ ఆ వినడం భయపెట్టే మనిషి ఎదుట ఉన్నంతసేపే నిలుస్తుంది.

ఇంగ్లిష్ సంగతిలో తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక, న్యాయం కాదు. కూలి చేసుకునే ఇంట్లో ఇంగ్లిష్ రాకపోవడం వల్ల చేజారిన ఉద్యోగాల జ్ఞాపకం ఉంటుంది. మొదట తెలుగే అనేవారు, బిడ్డకు అర్థమయ్యే భాషలోనే ఆలోచన పెరుగుతుందని చెబుతారు, జాతీయ చట్రమూ అదే చెబుతోంది. నాలుగేళ్ల బిడ్డ రెండు భాషలు వింటూ పెరగగలదన్నది నిజం. అర్థం కాని భాషలో రోజంతా మౌనంగా కూర్చోబెట్టడం మాత్రం రెండు భాషలు నేర్పడం కాదు. ఇక ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండి మాట్లాడే పిల్లలకు తెలుగు కూడా కొత్త భాషేనన్నది ఈ చర్చలో తరచూ మరుగునపడుతుంది.

ఒకటో తరగతి గడప దగ్గర

2021 జులైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, బాలవాటిక ముగిసేసరికి పిల్లలు అక్షరాలను, వాటి ధ్వనులను గుర్తించాలనీ, రెండు మూడు అక్షరాల తేలిక మాటలు చదవాలనీ, పది వరకు అంకెలను గుర్తుపట్టి చదవాలనీ లక్ష్యాలు పెట్టింది. అక్షరాలు ఆరేళ్లలోపు వద్దని ప్రభుత్వమే చెబుతోందనుకునేవారికి ఇది ఎదురుమాటలా తోస్తుంది. లక్ష్యాన్ని మళ్లీ చదివితే, అందులో ఉన్నది గుర్తించడం, చదవడం. పేజీల కొద్దీ రాయడం లేదు, వంద లేదు, ఒత్తులు లేవు. మన ఎల్‌కేజీ హోంవర్కులు చాలావాటికంటే ఆ లక్ష్యం ఎంతో చిన్నది.

అదే ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లల కోసం విద్యా ప్రవేశ్ అనే మూడు నెలల ఆటపాటల కార్యక్రమం కూడా వచ్చింది. ఆ గదిలో యూకేజీ దాకా నోటుపుస్తకాలు నింపిన ఆరేళ్ల పిల్లవాడు, అంగన్‌వాడీ నుంచి వచ్చిన అయిదున్నరేళ్ల పాప, ఇప్పటిదాకా ఏ బడికీ వెళ్లకుండా అమ్మ వెంట మిరప చేలకు వెళ్లిన ఇంకో బిడ్డ పక్కపక్కనే కూర్చుంటారు. టీచర్ ‘పడవ’ అంటుంది. ఎన్ని చప్పట్లు కొట్టాలో ముగ్గురూ వింటారు.